హోరు ఎవరిది

ల్యాప్‌టాప్ సొంత గొంతు కచేరీకి పనికిరాదని
నవంబరులోనే తేలిపోయింది.
హెడ్‌ఫోన్ రంధ్రంలో తీగ కాస్త కదిలితే చాలు
చలికి చచ్చిన కీచురాళ్లన్నీ లేచొచ్చి
స్పీకర్లలో దూరేవి.
ఎతేరి పాట ఆపి నా వంక చూసింది.
ఆ చూపుని తగ్గించే మీట ఏ యంత్రానికీ లేదు.

అందుకని ఫిబ్రవరి బురదలో, జుంబెర్‌ని వెంటేసుకుని
తిబిలిసీ ఎండు వంతెన సంతకి వెళ్లాను.
దుప్పట్ల మీద పతకాలు, సమోవర్లు, గ్యాస్ ముసుగులు,
ఎవరివో పళ్లు కూడా.
చివరి దుప్పటి గోచాది. దాని మీద
సెకండ్‌హ్యాండ్ సౌండ్ కార్డులు, చేపల్లా వరసగా.

"ఎనిమిది మైకులు పెట్టుకోవచ్చు" అని
పెద్ద నల్లపెట్టె ముందుకు తోశాడు.
మేం ముగ్గురం. పాడేది ఒక్కతే.
ఎనిమిది నోళ్లు తెచ్చుకుని ఏం పెట్టి మేపను?
"దీపాలు చూడవయ్యా, చీకట్లో ఎంత ముచ్చటో!"
నేనడిగింది ఒకటే: ఆలస్యం ఎంత?

"రెప్పపాటు కూడా ఉండదు" అన్నాడు.
రెప్పపాటంటే తక్కువనుకుంటున్నావా గోచా,
రెప్పపాటులో పందూరీ మీద ఎతేరి వేళ్లు
మూడుసార్లు దిగి మూడుసార్లు లేస్తాయి.

సమోవర్ మీద ల్యాప్‌టాప్ నిలబెట్టి
నల్లపెట్టె తగిలించి, మైకు ముందు చిటికేశాను.
వేళ్ల దగ్గర ఒక చిటికె
చెవి దగ్గర ఇంకొకటి.
మధ్యలో ఇరవై నాలుగు మిల్లీసెకన్లు.
గాలిలో కొలిస్తే ఎనిమిది మీటర్లు.
అంటే నా మోచేతికి తగిలేంత దగ్గర నిలబడి
ఎతేరి వీధి అవతల నుంచి పాడుతుందన్నమాట.
బఫర్ తగ్గించాను, దగ్గరకొచ్చింది,
వస్తూ వస్తూ తాలింపు చిటపటలు వెంట తెచ్చింది.

ఆఖరికి ఒక బూడిదరంగు బుల్లిపెట్టె.
ఊడిన మర స్థానంలో
వైన్ సీసా బిరడా చెక్కి బిగించారు ఎవరో.
రెండు మైకులు, హెడ్‌ఫోన్‌కో దారి, స్పీకర్లకో దారి.
చిటికేశాను.
ఆరు మిల్లీసెకన్లు. చిటపటల్లేవు.
ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నంత.

"అడాప్టర్ ఏదీ?" అన్నాడు జుంబెర్.
గోడ కరెంటు అక్కర్లేదు, ల్యాప్‌టాప్ నుంచే తాగుతుంది.
"మేత అడగని గొడ్డుని నమ్మకు" అన్నాడు.
నూట నలభై లారీలిచ్చి కోటు జేబులో వేసుకున్నాను.

జుంబెర్ మాటే నిజమనిపించింది తర్వాత.
రిహార్సల్లో హోరు. సన్నగా, వదలకుండా,
పాట సద్దుమణిగిన చోటల్లా పైకి తేలేది.
తీగలు మార్చాను. బిరడా బిగించాను.
పెట్టెని మూడు భాషల్లో తిట్టాను.

మార్చిలో, నేలమాళిగలో, అరవై మంది ముందు
రెండో పాట సగంలో కరెంటు పోయింది.
స్పీకర్లు చచ్చాయి. జుంబెర్ బేస్ గిటార్ ఉత్త చెక్క అయింది.
పెట్టె మీద పచ్చచుక్క మాత్రం వెలుగుతూనే ఉంది.
నా హెడ్‌ఫోన్‌లో, బస్సు డిపోలో రికార్డు చేసుకొచ్చిన
నలుగురు డ్రైవర్ల మంద్రస్వరం
ఏమీ ఎరగనట్టు సాగుతోంది.

ఏం తోచిందో, హెడ్‌ఫోన్ తీసి
రొట్టెలు పెట్టే రాగిగిన్నెలో బోర్లించాను.
గిన్నె గొణిగింది.
ముందు వరసవాళ్లు వంగారు, వెనకవాళ్లు
కుర్చీలు చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని జరిగారు.
ఎతేరి వేదిక దిగొచ్చి గిన్నె పక్కన కూర్చుని
డ్రైవర్లని దాటి వినబడకూడదన్నంత
నెమ్మదిగా ఎత్తుకుంది.

పాటయ్యాక చప్పట్లు ఇంకా మొదలవకముందు
జుంబెర్ గిన్నెలో చెవి పెట్టి
చాలాసేపు విన్నాడు.
"హోరేదిరా?" అన్నాడు.

లేదు.
ఛార్జర్ తీగ వెంట గోడలోంచి వచ్చేది, గోడతోనే పోయింది.
నెలరోజులుగా తిట్లు తిన్న బిరడాని
వేలితో ఒకసారి తుడిచాను.
బ్యాటరీ పదకొండు శాతం.
మూడో పాట చిన్నదే.